లేని పిల్లాడి జవాబు

విదేశీయులకు చైనీస్ నేర్పే చదువు చదివొచ్చిన పిల్లను హెంగ్‌సీ పట్టణంలో ఎవరు కలిసినా అడిగేది ఒక్కటే: ఏరమ్మా ఆ విదేశీయులు? మో లాన్‌షీ ఆ మాటకు మొదట్లో నవ్వేది. తరవాత కొన్నాళ్ళు ఓపిగ్గా వివరించింది. ఇప్పుడు పళ్ళు కొరుక్కుంటోంది. నిజానికి హెంగ్‌సీ జనానికి గుర్తున్న విదేశీయుడు ఒకే ఒక్కడు. చక్కెర మిల్లులో యంత్రం బిగించడానికి వచ్చాడాయన. కావాల్సిన కూరను వేలితో చూపించి, తిన్నంత తిని, ఒక్క ముక్క చైనీస్ నేర్చుకోకుండా తిరిగి వెళ్ళిపోయాడు. ఆయన మీద కూడా లాన్‌షీకి ఒళ్ళు మంటే.

ఆమె ఈ చదువులో చేరేనాటికి లోకమంతా చైనీస్ నేర్చుకోవడానికి వరసలో నిలబడి ఉందని చెప్పారు. క్లాసు గోడకు ప్రపంచ పటం అంటించి, ఎక్కడెక్కడ టీచర్లు కావాలో ఎర్ర చుక్కలు పెట్టి చూపించారు. లాన్‌షీ నాలుగేళ్ళ డిగ్రీ అదే చేసింది, పైన మూడేళ్ళ పీజీ కూడా అదే చేసింది. ఈలోపల ఆ ఎర్ర చుక్కలు ఎటు పోయాయో ఎవరూ చెప్పలేదు. విదేశాలకు వాలంటీర్లుగా పోయిన సీనియర్లు ఏడాదో రెండేళ్ళో పాఠాలు చెప్పి, మంచి ఫొటోలు దిగి, తిరిగొచ్చి ఖాళీగా కూర్చున్నారు. యూనివర్సిటీలో పాఠం చెప్పాలంటే డాక్టరేటు కావాలన్నారు. కంప్యూటర్‌లో పాఠాలు చెప్పించే కంపెనీ ఒకటి కొన్నాళ్ళు పని ఇచ్చింది. అవతల బ్రెజిల్‌లో ఉన్న పిల్లాడు పాఠం జరిగినంతసేపూ తన కుక్కను చూపించేవాడు. ఆ కుక్క పేరు తప్ప లాన్‌షీకి ఆ ఉద్యోగంలో మిగిలిందేమీ లేదు.

సొంత ఊళ్ళో బడిపంతులమ్మ అవుదామని పోయినేడాది దరఖాస్తు పెడితే, విద్యాశాఖ ఆఫీసులో కుర్చీకి అతుక్కుపోయిన గుమాస్తా ఆమె డిగ్రీ పట్టా పైకెత్తి లైటుకేసి చూశాడు.

"ఇది పనికిరాదమ్మా. మాకు చైనీస్ చదివినవాళ్ళు కావాలి."

"ఇది చైనీసేనండీ."

"ఇది విదేశీయుల చైనీస్. మా బళ్ళో పిల్లలకి కావాల్సింది మన చైనీస్."

"రెండూ ఒకటే భాషండీ."

"ఒకటే అయితే నువ్వు మామూలుదే చదవొచ్చు కదా? ఇది ఎందుకు చదివినట్టు?" అని పట్టా తిరిగి చేతిలో పెట్టాడు. ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ ఆ గుమాస్తాతో మనసులోనే దారి పొడుగునా పోట్లాడింది.

ఈ ఏడాది మటుకు ఏ దేవుడు కరుణించాడో, అర్హతల జాబితాలో ఆమె చదువు పేరు కూడా చేర్చారు. రెండు పోస్టులు. సర్కారు పోస్టులు, అంటే జన్మంతా తిండికి లోటుండదు, పగలని ఇనప అన్నం గిన్నె. రాతపరీక్షలో లాన్‌షీకి మొదటి ర్యాంకు వచ్చింది. ఇక మిగిలింది నమూనా పాఠం ఒక్కటే. అది కూడా గట్టెక్కితే జన్మకి ఇంకెవరూ ఆమెను విదేశీయుల గురించి అడగరు.

గట్టెక్కకపోతే ఏం జరుగుతుందో కూడా ఆమెకు తెలుసు. పీజీ హాస్టల్లో ఆమె పక్క మంచం స్నేహితురాలు త్సెన్ పెయ్ నాన్నింగ్‌లో ఒక కోచింగ్ కంపెనీలో చేరింది. విదేశీయులకు చైనీస్ నేర్పేవాళ్ళకి సర్టిఫికెట్ పరీక్ష ఉంటుంది కదా, ఆ పరీక్షకు కోచింగ్. అక్కడ పని పాఠం చెప్పడం కాదు. ఇదే చదువు చదువుతున్న జూనియర్లకు ఫోన్లు చేసి, ముందు ముందు మీకు బంగారు భవిష్యత్తు ఉంది, ఈ కోర్సు ఒక్కటి కొనుక్కోండి అని నమ్మించడం.

"అంటే మనకు ఉద్యోగాల్లేవు కాబట్టి, ఉద్యోగాలున్నాయని చెప్పడమే మన ఉద్యోగమా?" అంది లాన్‌షీ ఫోన్లో.

"నోరు మూసుకుని చేరు. ఏసీ గది, మధ్యాహ్నం భోజనం పెడతారు. మా మేనేజరు నీకోసం ఒక కుర్చీ ఆపి ఉంచాడు. నీ పరీక్ష రోజు సాయంత్రం దాకా ఆగుతానన్నాడు, ఆ తరవాత వేరేవాళ్ళకి ఇచ్చేస్తాడు," అంది పెయ్. ఆమె మంచి పిల్లే. కానీ ఆ మాటలు అంటున్నప్పుడు గొంతులో కోచింగ్ కంపెనీ పాట పలికింది. లాన్‌షీకి భయమేసింది.

నమూనా పాఠం సంగతి తెలియనివాళ్ళకు చెప్పినా ఓ పట్టాన నమ్మరు. ఒక క్లాసు గది ఉంటుంది. బల్ల ఉంటుంది, సుద్దముక్క ఉంటుంది, వెనక వరసలో పరీక్షించేవాళ్ళు గంభీరంగా కూర్చుని ఉంటారు. పిల్లలు మాత్రం ఉండరు. ఖాళీ బెంచీలకు పాఠం చెప్పాలి. ప్రశ్న అడగాలి, చేతులు లేచినట్టు మురిసిపోవాలి, ఎవరో లేచి జవాబు చెప్పినట్టు తల పక్కకు వంచి వినాలి, మెచ్చుకోవాలి, కూర్చోమనాలి. దేశమంతటా టీచర్లను ఇలాగే ఎంచుతున్నారు. ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించదు.

పెయ్ ఈ విద్యలో ఆరితేరిన మనిషి. తను మూడు జిల్లాల్లో ఈ పరీక్షకు వెళ్ళి మూడింట్లోనూ తప్పింది కాబట్టి సలహాలకు కొదవ లేదు. "చూడు, లేని పిల్లలు ఎప్పుడూ తప్పు చెప్పరు. అది గుర్తుపెట్టుకో. నువ్వు అడగ్గానే వాళ్ళు చెప్పేసినట్టే. మధ్యలో నిశ్శబ్దం రానిచ్చావో, మర్చిపోయిందనుకుంటారు. ఊపిరి పీల్చుకోవాలన్నా మాట్లాడుతూనే పీల్చుకో."

లాన్‌షీకి చదువులో నేర్పింది సరిగ్గా దీనికి ఎదురు. నెమ్మదిగా మాట్లాడు, తేలిక మాటలు వాడు, ప్రశ్న అడిగాక నోరు మూసుకో. అవతలివాడు పరాయి భాషలో మాటలు వెతుక్కుంటున్నాడు, వాడికి టైమివ్వు. వాళ్ళ ముసలి ప్రొఫెసరమ్మ అయితే క్లాసులో ఎవరైనా విద్యార్థి నోట్లో మాట అందుకుంటే స్కేలుతో బల్ల మీద కొట్టేది. లాన్‌షీ శిక్షణలో పాఠం చెప్పిన వియత్నాం అమ్మాయి థుయ్ ఒక్కో జవాబుకు ఎంతసేపు తీసుకునేదంటే, కిటికీ బయట పిల్లి ప్రహరీ దాటి అవతలికి వెళ్ళిపోయేది. అయినా చివరికి మాట వచ్చేది. అది విన్నప్పుడు లాన్‌షీకి కలిగే సంతోషం ఇంత అని చెప్పలేం. ఆ సంతోషం కోసమే ఈ దిక్కుమాలిన చదువు మీద ఆమెకు ఇంకా ప్రేమ చావలేదు.

పరీక్షకు ముందు వారమంతా ఇల్లు బడి అయిపోయింది. ముందుగదిలో టీవీకి వీపు పెట్టి నిలబడి లాన్‌షీ గోడకు పాఠాలు చెప్పేది. వాళ్ళ అమ్మ గుయ్‌లియెన్ మిల్లు క్యాంటీన్లో వంట ముగించుకుని వచ్చి, సోఫాలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ చూసేది. నాన్న గ్వాంగ్‌డోంగ్‌లో మేస్త్రీ పనికి పోయి ఏడాదికోసారి వస్తాడు కాబట్టి ఇంట్లో ఇద్దరే. ఇద్దరూ మాట్లాడుకునేది చైనీస్ కాదు, తమ తెగ భాష జువాంగ్. చైనీస్ గుయ్‌లియెన్‌కు బజారు బేరాలకు సరిపడా వచ్చు, అంతకుమించితే తడబడుతుంది.

"కిటికీ పక్కన పాప, నువ్వు చెప్పమ్మా," అంది లాన్‌షీ గోడతో. "ఆహా, ఎంత బాగా చెప్పావు. అందరూ చప్పట్లు."

"ఏం చెప్పింది?" అంది గుయ్‌లియెన్.

"ఎవరు?"

"ఆ పాప. నాకేం వినపడలేదు."

"అమ్మా, పాప లేదు."

"లేనిదాన్ని పట్టుకుని ఎందుకే అంత పొగుడుతావ్? చిక్కుళ్ళు ఒలుస్తున్నదాన్ని నేనున్నాను, నన్నెప్పుడన్నా అన్నావా ఒక మంచి మాట?"

అప్పుడే రెండో మేనత్త వచ్చింది. ఆవిడ కొడుకు పన్నుల ఆఫీసులో చేరిన దగ్గర్నుంచి ఆవిడ ఎక్కడికి వెళ్ళినా ఆ ఆఫీసును కూడా వెంట తెస్తుంది. గుమ్మంలో చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

"ఏం పిల్లా, దొరికారా విదేశీయులు?"

"లేదత్తా. ఇప్పుడు అసలు మనుషులే దొరకట్లేదు, గోడలతో సరిపెట్టుకుంటున్నాను."

"నోటికేం తక్కువ లేదు. మా వాడికి నీ అంత చదువు లేదు, నీ అంత నోరూ లేదు. అయినా సెలవుకి సెలవు, జీతానికి జీతం. వదినా, దీన్ని నేను అప్పుడే లెక్కల్లో వెయ్యమన్నాను. మనకి పుట్టుకతో వచ్చిన భాషని ఏడేళ్ళు చదవడమేంటి చెప్పు, విడ్డూరం కాకపోతే?"

"పుట్టుకతో నీకొచ్చిందేమో. నాకు రాలేదు," అంది గుయ్‌లియెన్ చిక్కుళ్ళలోంచి తల ఎత్తకుండా. మేనత్త అది విన్నట్టే లేదు. లాన్‌షీ కూడా అంతగా పట్టించుకోలేదు. ఆమెకు పాఠం మధ్యలో ఆగిపోయిందన్న చిరాకు.

అత్త వెళ్ళిపోయాక మళ్ళీ మొదలుపెట్టి ఒక ప్రశ్న వేసేసరికి, సోఫాలోంచి గుయ్‌లియెన్ చైనీస్‌లోకి దిగి నెమ్మదిగా, "నేను... చెప్పనా?" అంది.

"వద్దమ్మా, టైం అయిపోతుంది. నువ్వూరికే కూర్చో చాలు," అని లాన్‌షీ జవాబు తనే చెప్పేసి, గోడను మెచ్చుకుని, ముందుకు పోయింది. గుయ్‌లియెన్ చిక్కుళ్ళ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

పరీక్ష రోజు గుయ్‌లియెన్ క్యాంటీన్‌కు సెలవు పెట్టి, శుభమని ఎర్ర స్వెట్టర్ తొడుక్కుని కూతురితో బయల్దేరింది. ఎండ మండిపోతున్నా స్వెట్టర్ విప్పనంది. బడి గేటు బయట అలాంటి ఎర్ర బట్టల అమ్మలు ఇంకా చాలామంది ఉన్నారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, ఎవరి పిల్లను ఎవరి పిల్ల ముంచుతుందో అని లోపల లెక్కలేస్తూ పైకి నవ్వుకుంటున్నారు.

లోపల ఫోన్లు తీసేసుకుని చీటీలు తీయించారు. లాన్‌షీకి ఏడో నంబరు వచ్చింది. పరీక్షించేవాళ్ళకు పేరు చెప్పకూడదు, ఏ చదువో చెప్పకూడదు, నంబరు ఒక్కటే. పాఠం కాగితం ఇచ్చి తయారవమన్నారు. రెండో తరగతి పాఠం, చిన్న కథ. ఇద్దరు స్నేహితులు బడి నుంచి ఇంటికి పోతుంటే వాన మొదలవుతుంది. ఒకడి దగ్గరే గొడుగు ఉంది, అదీ ఒక్కడికే సరిపోయేంత. గొడుగున్నవాడు కాస్త దూరం నడిచాక గొడుగు మూసేస్తాడు. ఇద్దరూ తడుస్తూ ఇంటికి పోతారు. అంతే కథ. లాన్‌షీకి అది చదవగానే నచ్చింది. నచ్చకపోయి ఉంటే ఎంత బాగుండేదో.

పిలుపు కోసం నడవాలో కూర్చుంటే, గోడ అవతల ఆరో నంబరు పాఠం వినపడుతూనే ఉంది. "ఓ, ఎన్ని చేతులో! రెండో బెంచీ బాబూ, నువ్వు చెప్పు. స్నేహం అంటే కష్టసుఖాలు పంచుకోవడమా? అబ్బ, ఎంత లోతుగా ఆలోచించావు! కూర్చో." ఆరో నంబరు పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో పండితుడు. ప్రశ్న పూర్తవకముందే జవాబు చెప్పేస్తున్నారు. ఇంతమంది పండితులకు అసలు టీచరెందుకో, వాళ్ళనే ఇంటికి పంపించెయ్యొచ్చు కదా అని లాన్‌షీకి విసుగొచ్చింది. కానీ తను కూడా అదే చెయ్యాలి. పెయ్ మాటలు మంత్రంలా లోలోపల చదువుకుంది.

లోపలికెళ్ళి నమస్కారం పెట్టి మొదలుపెట్టింది. మొదట అంతా సాఫీగానే సాగింది. కథ చదివింది, వాన బొమ్మ బోర్డు మీద గీసింది, కిటికీ పక్క పాపను మెచ్చుకుంది. పరీక్షించేవాళ్ళ పెద్ద, బట్టతలాయన, తల ఊపుతున్నాడు కూడా. ఆయన పక్కనున్న కళ్ళద్దాల మేడమ్ ఏదో రాసుకుంది. ఇక రెండు ప్రశ్నలు అడిగి, ముగింపు చెప్పి బయటపడితే అయిపోతుంది.

"ఇప్పుడు చెప్పండి. వాడు గొడుగు ఎందుకు మూసేశాడు?" అంది లాన్‌షీ. "మూడో వరసలో, చివర కూర్చున్న బాబూ, నువ్వు చెప్పు."

అడిగి, ఆగింది. ఎందుకాగిందంటే చెప్పడం కష్టం. ప్రశ్న మంచిది. మంచి ప్రశ్నకు జవాబు వెంటనే రాదు. ఏళ్ళ తరబడి వంటబట్టిన అలవాటు పెయ్ మంత్రాన్ని పక్కకు నెట్టేసింది. మూడో వరస చివర బెంచీ మీద ఒక పిల్లాడు నిజంగానే కనిపించాడు ఆమెకు. లేచి నిలబడ్డాడు, చొక్కా అంచు మెలిపెడుతున్నాడు, మాట గొంతు దాకా వచ్చి తిరిగిపోతోంది. లాన్‌షీ వాడికేసి తల ఊపి, చెప్పు చెప్పు అన్నట్టు చూస్తూ నిలబడింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏడో నంబరూ," అన్నాడు బట్టతలాయన. "టైం పోతోంది."

లాన్‌షీ ఆయనవైపు చెయ్యి ఎత్తి, "ఒక్క నిమిషం ఉండండి, చెప్తున్నాడు," అంది.

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తను ఏమందో ఆమెకు తెలియలేదు. కళ్ళద్దాల మేడమ్ మెడ చాచి మూడో వరస చివర బెంచీ వైపు చూసింది. అక్కడెవరూ లేరని తేల్చుకుని మళ్ళీ సర్దుకు కూర్చుంది. చివర్లో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గు నటించారు.

"ఎవరు చెప్తున్నారు?" అన్నాడు బట్టతలాయన.

"పిల్లాడండీ. ఆలోచిస్తున్నాడు."

"అమ్మాయ్, ఇక్కడ పిల్లలు లేరు. ఉన్నట్టు నటించాలి."

"నటిస్తున్నానండీ. వాడికి ఇంకా మాట రానట్టు."

"ఎందుకు రాదు? మా బళ్ళో పిల్లలు టకీమని చెప్తారు. నేనిందాకట్నుంచి చూస్తున్నాను, ఒక్కో మాటా నమిలి నమిలి చెప్తున్నావు, చేతులూపుతున్నావు. ఏదో పై దేశం నుంచి వచ్చినవాళ్ళకి చెప్పినట్టుంది. మన పిల్లలకి చైనీస్ వచ్చమ్మా."

అప్పుడు లాన్‌షీకి కోపం వచ్చింది. పోయినేడాది గుమాస్తా, మేనత్త, బ్రెజిల్ కుక్క, గోడ మీది ఎర్ర చుక్కలు, అన్నీ కలిసి ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. "భాష వచ్చినంత మాత్రాన జవాబు వచ్చేస్తుందాండీ? పొద్దుట్నుంచి ఈ గదిలో ఒక్క పిల్లాడైనా తప్పు చెప్పాడా? ఒక్కడైనా తెలీదన్నాడా? ఇలాంటి పిల్లలు నాకెక్కడా కనపడలేదు," అంది. బట్టతలాయన కోప్పడలేదు. అదే ఆమెకు మరీ కష్టంగా తోచింది. ఆయన వాచీ చూసుకుని, "సరే, పాఠం ముగించు," అన్నాడు. ఆమె ముగించింది. మిగతా పిల్లలందరూ టకటకా జవాబులు చెప్పేశారు. మూడో వరస వాణ్ణి ఆమె మళ్ళీ అడగలేదు.

అందరివీ అయ్యాక మార్కులు పైకి చదివారు. రాతపరీక్షలో మొదటి ర్యాంకు కలుపుకున్నా లాన్‌షీ మూడో స్థానానికి జారిపోయింది. రెండో స్థానం ఆరో నంబరుకు దక్కింది. ఆ అమ్మాయి ఏడుస్తూ వచ్చి, ఎవరని కూడా చూడకుండా లాన్‌షీనే కావలించుకుంది. పాపం ఆమెది కూడా ఎన్నో ఏళ్ళ తిప్పలేనని ఆ ఏడుపులోనే తెలిసింది. లాన్‌షీ ఆమె వీపు తట్టి, నీ పిల్లలు చాలా తెలివైనవాళ్ళు అంది.

గేటు బయట ఎర్ర స్వెట్టర్‌లో గుయ్‌లియెన్ కూతురి మొహం చూడగానే విషయం తెలుసుకుంది. ఏమీ అడగకుండా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, పులిసిన వెదురు మొలకల నూడుల్స్ అమ్మే కొట్లో కూర్చోబెట్టింది. గిన్నెలు వచ్చి ముందు పెట్టాక అడిగింది.

"ఏం చేశావే?"

లాన్‌షీ అంతా చెప్పింది. మూడో వరస పిల్లాడి దగ్గరికి వచ్చేసరికి గుయ్‌లియెన్ చాప్‌స్టిక్స్ గిన్నెలో వదిలేసింది.

"ఎవడే వాడు?"

"ఎవడూ కాదమ్మా. లేడు."

"లేనివాడి కోసం ఆగావా?"

"ఆగాను."

"లేనివాడి కోసం ఆగి, ఉన్న ఉద్యోగం పోగొట్టుకున్నావా?"

"అవునమ్మా, పోగొట్టుకున్నాను. ఇంకా ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

"ఎన్నిసార్లయినా చెప్పించుకుంటాను, నా ఇష్టం. ఈ స్వెట్టర్‌లో ఉడికిపోయాను పొద్దుట్నుంచి. మీ అత్తకి ఏం చెప్పాలి నేను? మా పిల్ల గాల్లోకి చూస్తూ నిలబడింది అని చెప్పనా? చదివించి చదివించి నా నడుం పడిపోయింది. క్యాంటీన్లో ఒకరోజు చెయ్యి ఆగితే మొత్తం మిల్లు ఆకలితో అరుస్తుంది. నీకు ఆగడం నేర్పారా యూనివర్సిటీలో? డబ్బులు కట్టించుకుని?"

"ఔను, అదే నేర్పారు. నాకు వచ్చిన పని అదొక్కటే," అంది లాన్‌షీ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెదురు మొలకల ఘాటు అని ఆమె అనుకున్నా, ఎవరూ నమ్మరు.

బల్ల మీద ఫోను మోగింది. పెయ్. సాయంత్రం దాకా టైముంది అంది గానీ అవతల మేనేజరు పక్కనే నిలబడి ఉంటాడు. లాన్‌షీ ఫోను బోర్లించింది. ఎలాగూ రేపో మాపో ఆ కుర్చీలోనో అలాంటి ఇంకో కుర్చీలోనో కూర్చోక తప్పదని ఆమెకు తెలుసు. కాకపోతే ఈ గిన్నె అయ్యేదాకా కూర్చోదలచుకోలేదు.

గుయ్‌లియెన్ కాసేపు తిట్టడం ఆపి నూడుల్స్ కలిపింది. తినలేదు.

"ఎంతసేపు ఆగావు?" అంది.

"తెలీదు. వాళ్ళు పిలిచేదాకా."

"వాడికి కోపం రాలేదూ, వెంటనే చెప్పలేదని? అంటే... నీకు. నీకు వాడి మీద కోపం రాలేదా?"

"ఎందుకొస్తుందమ్మా? వాడు చెప్పబోతున్నాడు."

గుయ్‌లియెన్ గిన్నెలోకే చూస్తూ చెప్పింది. "మా ఊరి బడికి టౌను నుంచి ఒక మాస్టారు వచ్చాడు, నేను రెండో తరగతిలో ఉండగా. బడికొచ్చే దారిలో ఏం చూశారో చెప్పండి అన్నాడు. అందరూ పాఠంలో ఉన్నవే చెప్పారు, సూర్యుడు అనీ, పువ్వు అనీ. నేను నిజంగానే చూశాను. మా పెదనాన్న వాళ్ళ గేదె పొలం గట్టు మీదే ఈనింది, దూడ లేచి నిలబడబోయి పడిపోతోంది. మన మాటల్లో అయితే నా నాలిక మీదే ఉంది. ఆయన మాటల్లో గేదె అన్నది ఒక్కటే వచ్చు. ఈనడం ఎలా చెప్పాలో, పడిపోవడం ఎలా చెప్పాలో కూడబెట్టుకుంటున్నాను. దొరికింది కూడా. నోరు తెరిచేసరికి ఆయన కూర్చో అన్నాడు. నా పక్కపిల్లని లేపాడు."

"తరవాత?"

"తరవాతేముంది. మళ్ళీ నన్నెప్పుడూ లేపలేదు. ఇది మొద్దు అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. నాలుగు అయ్యాక మానేశాను." ఆవిడ స్వెట్టర్ చేతులు పైకి లాక్కుంది. "ఆయన తప్పేం లేదులే. పెద్ద క్లాసు. ఎవరి కోసమని ఆగుతాడు."

బ్యాంకులో, ఆస్పత్రిలో, ఎక్కడికి వెళ్ళినా అమ్మ చైనీస్‌లో సగం మాట అనేలోపలే తను అందుకుని పూర్తి చేసేయడం లాన్‌షీకి గుర్తొచ్చింది. సాయం అనుకునే చేసింది. సోఫాలో కూర్చుని, నేను చెప్పనా అని అడిగిన మనిషిని కూర్చోబెట్టింది కూడా తనే. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. క్షమించమని జువాంగ్‌లో అడగబోయింది, కానీ అమ్మకు అలాంటి మాటలు కిట్టవు. అందుకని వేరే పని చేసింది. కుర్చీ ముందుకు లాక్కుని, చైనీస్‌లో, నెమ్మదిగా అడిగింది.

"ఇద్దరు స్నేహితులు. వాన. ఒకడి దగ్గరే గొడుగు. వాడు గొడుగు మూసేశాడు. ఎందుకు మూసేశాడమ్మా?"

"పిచ్చోడు కాబట్టి," అంది గుయ్‌లియెన్ జువాంగ్‌లో, టకీమని.

"అలా కాదు. ఆలోచించి చెప్పు. చైనీస్‌లో."

"ఇప్పుడెందుకే? నూడుల్స్ చల్లారుతున్నాయి."

"చల్లారనీ."

గుయ్‌లియెన్ విసుక్కుంది. చాప్‌స్టిక్స్ సర్దింది, మిరపకాయల సీసా మూత పెట్టింది, వీధిలోకి చూసింది. పెదాలు కదిలించి, మళ్ళీ మూసింది. కొట్టువాడు వచ్చి ఇంకేమన్నా కావాలా అని అడిగి, ఇద్దరిలో ఎవరూ పలకకపోయేసరికి వెళ్ళిపోయాడు. ఫోను ఇంకోసారి మోగి ఆగింది. లాన్‌షీ కదల్లేదు. అమ్మ చెయ్యి స్వెట్టర్ అంచును మెలిపెడుతుంటే చూస్తూ కూర్చుంది. మధ్యలో ఒక మాట అందించాలని నాలిక ఎంత లాగినా పళ్ళ వెనకే పట్టి ఉంచింది.

"ఒకడు... తడిసి," అంది గుయ్‌లియెన్ చైనీస్‌లో. ఆగింది. "ఒకడు తడవకుండా... అలా నడిస్తే..." మళ్ళీ ఆగింది. నుదుటి మీద చెమట తుడుచుకుంది. "అలా నడిస్తే, ఇద్దరికీ... మాటలు కలవవు."

లాన్‌షీ తల ఊపింది. మెచ్చుకోవడం మర్చిపోయింది.

గుయ్‌లియెన్ ఆమెకేసి అనుమానంగా చూసింది. తప్పా అని అడగబోయి మానుకుంది. నూడుల్స్ గిన్నె పక్కకు జరిపి, మోచేతులు బల్ల మీద ఆనించి, చైనీస్‌లోనే అంది.

"ఇంకోటి అడుగు."